‘సెరెనిటీ’ సినిమా: ఓడినవాళ్ల పక్షం అంటే ఎవరి పక్షం?

‘సెరెనిటీ’ సినిమా ఒక తరగతితో మొదలవుతుంది. టీచరు చరిత్ర పాఠం చెబుతుంటుంది. భూమి మీద చోటు చాలక మనుషులు వేరే సూర్యమండలానికి వలస పోయారు. అక్కడి గ్రహాలను మనిషి బతికే వీలుగా మార్చుకున్నారు. నడుమనున్న సంపన్న గ్రహాలు కలిసి ‘అలయన్స్’ అనే ప్రభుత్వంగా ఏర్పడ్డాయి. అంచున ఉన్న గ్రహాలు ఆ పాలన మాకొద్దని యుద్ధం చేసి ఓడిపోయాయి. వైద్యం, చదువు, నాగరికత ఇస్తామంటే ఎందుకు వద్దన్నారని పిల్లలకు సందేహం. మనం వాళ్ల బతుకుల్లో అడక్కుండా వేలు పెడతాం కాబట్టి అంటుంది రివర్ అనే చిన్నపిల్ల. టీచరు దగ్గరికొచ్చి మెత్తగా మాట్లాడుతూనే చేతిలోని కలాన్ని ఆ పిల్ల నుదుట్లో దించుతుంది. మరుక్షణం తెర మీద ప్రయోగశాల. కుర్చీలో బందీగా, తలలో సూదులు గుచ్చి ఉన్న రివర్. ఆ బడి ఆమెకు వచ్చిన కల.

మన తిండిని, మాటను, దేవతలను మోటు అన్న బడులు మనకు తెలుసు. అందుకే ఈ సన్నివేశం చూడగానే రివర్ పక్కన చేరిపోతాం. సినిమా కోరుకునేదీ అదే. రెండు గంటల పాటు అది మనల్ని ఓడిపోయినవాళ్ల పక్షాన నిలబెడుతుంది. కానీ ఈ కథకు ప్రేరణ అమెరికా అంతర్యుద్ధం. ఆ యుద్ధంలో ఓడిపోయింది బానిసల యజమానులు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుని సినిమా చూస్తే, మనం ఎవరి పక్కన కూర్చున్నామో ఇంకోసారి చూసుకోవాల్సి వస్తుంది.

ముందు కాస్త నేపథ్యం. జాస్ వీడన్ సృష్టించిన ‘ఫైర్‌ఫ్లై’ అనే టీవీ సీరియల్ 2002 సెప్టెంబర్ 20న అమెరికాలో ఫాక్స్ ఛానెల్‌లో మొదలైంది. శుక్రవారం రాత్రుల్లో వేశారు. వరస కూడా తప్పించారు. పాత్రలను పరిచయం చేసే మొదటి భాగాన్ని అన్నిటికంటే చివర, డిసెంబర్‌లో చూపించారు. మొత్తం 14 భాగాలు తీస్తే 11 ప్రసారమయ్యేసరికి సీరియల్ ఆగిపోయింది. అభిమానులు చందాలేసుకుని ‘వెరైటీ’ పత్రికలో ప్రకటన ఇచ్చినా ఛానెల్ వినలేదు. 2003 చివర డీవీడీలు వచ్చాక అవి బాగా అమ్ముడుపోయాయి. ఆ ఊపుతోనే యూనివర్సల్ సంస్థ సినిమాకు ఒప్పుకుంది. 2005 సెప్టెంబర్ 30న ‘సెరెనిటీ’ విడుదలైంది. థియేటర్లలో పెద్దగా ఆడలేదు గానీ, ఆ కథను ప్రేమించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు తమను తాము ‘బ్రౌన్‌కోట్స్’ అని పిలుచుకుంటారు. కథలో అలయన్స్ మీద పోరాడి ఓడిన సైనికులు వేసుకునే కోటు రంగు అది.

ఆ సైనికుల్లో ఒకడు మాల్ రెనాల్డ్స్. సెరెనిటీ అనే లోయలో జరిగిన యుద్ధంలో తన పక్షం ఓడిపోతే, ఆ లోయ పేరే తన పాత అంతరిక్ష నౌకకు పెట్టుకుంటాడు. దొంగ సరుకు రవాణా చేస్తూ, అలయన్స్ కంట పడకుండా బతుకుతుంటాడు. యుద్ధంలో అతని పక్కన పోరాడిన జోయి, ఆమె భర్త వాష్, కిరాయి గూండా జేన్, యంత్రాలు బాగుచేసే కేలీ, బుక్ అనే పాస్టర్, ఇనారా అనే కళావంతురాలు నౌకలో ఉంటారు. ప్రయోగశాల నుంచి రివర్‌ను తప్పించిన ఆమె అన్న, డాక్టర్ సైమన్ కూడా అక్కడే తలదాచుకుంటాడు. రివర్ మెదడులో ప్రభుత్వ రహస్యం ఒకటి చిక్కుకుని ఉంది. దాన్ని బయటికి పొక్కనీయకుండా అలయన్స్ ఒక హంతకుణ్ని పంపుతుంది. సినిమా కథ ఇదే.

నీలం, బూడిద, గోధుమ

గెటిస్‌బర్గ్ యుద్ధం మీద మైకేల్ షారా రాసిన ‘ది కిల్లర్ ఏంజెల్స్’ నవల చదివాక తనకు ఈ సీరియల్ ఆలోచన వచ్చిందని వీడన్ చెప్పారు. యుద్ధం ముగిశాక ఓడిన పక్షం మనిషి ఎలా బతుకుతాడన్నది ఆయన్ని లాగిన ప్రశ్న. ఉత్తరాది సైనికుల నీలం దుస్తులు, దక్షిణాది సైనికుల బూడిదరంగు దుస్తులు అమెరికన్ ప్రేక్షకులకు చిన్నప్పటి నుంచీ తెలుసు. వీడన్ బూడిదరంగు తీసి గోధుమరంగు వేశారు.

రంగు మారితే పోయిందేమిటి? బానిసత్వం. దక్షిణాది రాష్ట్రాలు దేనికోసం విడిపోయాయో అవే రాసిపెట్టాయి. బానిసత్వంతో తమ బతుకు ముడిపడి ఉందని మిసిసిపీ 1861 ప్రకటనలో చెప్పుకుంది. అదే ఏడాది మార్చిలో కాన్ఫెడరసీ ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ సవన్నాలో మాట్లాడుతూ, నల్లవాళ్లు తెల్లవాళ్లతో సమానం కాదన్నదే తమ ప్రభుత్వానికి పునాదిరాయి అన్నాడు. అప్పటికి అమెరికాలో దాదాపు 40 లక్షల మంది బానిసలు ఉన్నారు. ‘రాష్ట్రాల హక్కుల కోసం పోరాడాం’ అన్న మాట ప్రధానంగా ఓడిపోయాక అల్లుకున్నది. పారిపోయిన బానిసలను పట్టి అప్పగించమని ఉత్తరాది రాష్ట్రాల మెడ మీద కేంద్రం కత్తి పెట్టిన 1850 చట్టాన్ని కోరింది ఈ దక్షిణాది యజమానులే. అప్పుడు వాళ్లకు రాష్ట్రాల హక్కులు గుర్తు రాలేదు.

ఓడిన తర్వాత ఈ అల్లిక పెద్ద పరిశ్రమ అయింది. విగ్రహాలు లేచాయి, పాఠ్యపుస్తకాలు మారాయి. 1915లో ‘బర్త్ ఆఫ్ ఎ నేషన్’, 1939లో ‘గాన్ విత్ ది విండ్’ దాన్ని తెరకెక్కించాయి. చరిత్రకారులు దీన్ని ‘లాస్ట్ కాజ్’ అంటారు. యుద్ధం ఓడినా కథ గెలవడం అన్నమాట. ఈ కథను ఆధారాలతో చీల్చి చెండాడినవాళ్లలో ముఖ్యుడు డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్. ఆయన ‘బ్లాక్ రీకన్‌స్ట్రక్షన్’ 1935లో వచ్చింది. 1946లో అంబేడ్కర్ ఉత్తరం రాసింది ఈ డుబోయిస్‌కే. ఐక్యరాజ్యసమితికి నల్లజాతివాళ్లు ఇచ్చిన వినతిపత్రం ప్రతి కావాలని అడిగారు. అంతకు ఎంతో ముందు, 1873లోనే ఫూలే తన ‘గులాంగిరి’ని బానిసత్వాన్ని రద్దు చేయడానికి నిలబడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. అంటే ఆ యుద్ధాన్ని మన పెద్దలు చూసిన వైపు ఒకటుంది. ‘సెరెనిటీ’ మనల్ని కూర్చోబెట్టే వైపు అది కాదు.

వీడన్ బానిసత్వాన్ని సమర్థించారని మేం అనడం లేదు. సీరియల్‌లో ఒక భాగంలో మాల్ బానిసల వ్యాపారితో గొడవపడి వాడి డబ్బు కొట్టేస్తాడు కూడా. మా అభ్యంతరం అంతకంటే చిన్నది, కానీ లోతైనది. దక్షిణాది ఓటమి తాలూకు బాధను, పౌరుషాన్ని, వెనకటి రోజుల బెంగను ఉంచుకుని, ఎవరి వీపుల మీద ఆ పౌరుషం నిలిచిందో వాళ్లను మాత్రం తీసేస్తే మిగిలేది కడిగిన ఓటమి. దాన్ని ఎవరైనా తొడుక్కోవచ్చు. మన దగ్గర జమీందారీ పోయిన దొర కూడా తన కథను ఇలాగే చెప్పుకోగలడు. గడి కూలిందని, మర్యాదలు పోయాయని, పట్నం ప్రభుత్వం తనను బతకనివ్వలేదని.

సీరియల్‌కు తెలిసింది, సినిమా మరిచింది

అయినా ఆ 14 భాగాలను కొట్టిపారేయలేం. అంచు గ్రహాల ‘స్వేచ్ఛ’ లోపల ఏముందో సీరియల్ చూపించింది. అందులో రెండు భాగాలను మన విద్యార్థులు తప్పకుండా చూడాలి.

ఒకటి ‘సేఫ్’. వైద్యం దొరకని కొండ ఊరివాళ్లు సైమన్‌ను ఎత్తుకుపోతారు, రివర్ కూడా వెంట వెళుతుంది. మాట రాని ఒక పిల్ల మనసులోని సంగతి రివర్ బయటపెట్టగానే, అప్పటిదాకా ఆప్యాయంగా ఉన్న పంతులమ్మే ఆమెను మంత్రగత్తె అంటుంది. పాత పెద్దను చంపి నువ్వు పెద్దవయ్యావన్న గుట్టు కూడా రివర్ విప్పేసరికి, ఊరిపెద్ద ఆమెను తగలబెట్టమంటాడు. బాణామతి, చేతబడి పేరుతో మనుషులను కొట్టి చంపిన వార్తలు చదివే తెలంగాణ పాఠకులకు ఈ దృశ్యం వేరే గ్రహానిది అనిపించదు. పంచాయితీ పెట్టినవాడికి ఆ చావుతో ఏం లాభమో కూడా ఈ భాగం చెబుతుంది. మన వార్తల్లో చాలాసార్లు ఆ ముక్కే ఉండదు.

అదే భాగంలో ఇంకో సంగతి. తూటా తగిలిన పాస్టర్ బుక్‌ను కాపాడగలిగేది అలయన్స్ నౌకలోని ఆసుపత్రే. మొదట అక్కడి అధికారి కుదరదంటాడు. బుక్ జేబులోని గుర్తింపు కార్డు చూడగానే మాట మార్చి లోపలికి తీసుకుపోతారు. ఊళ్లో డాక్టర్ లేడు, పట్నం ఆసుపత్రి ఉంది గానీ అది కార్డును బట్టి తెరుచుకుంటుంది. ప్రభుత్వంతో మనకున్న సంబంధాన్ని ఇంత పొట్టిగా చెప్పిన సైన్స్ ఫిక్షన్ మేం ఎక్కువ చూడలేదు.

రెండోది ‘జేన్‌స్టౌన్’. ఒక మేజిస్ట్రేటు సొంత ఆస్తిలాంటి ఉపగ్రహం. అక్కడ బురద తీసే కూలీలు. ఆ బురదతో గట్టి పింగాణీ సరుకు తయారవుతుంది. కూలీలు మాత్రం పారిపోవడానికి వీల్లేని వెట్టివాళ్లు. నాలుగేళ్ల కింద జేన్ ఆ మేజిస్ట్రేటు డబ్బు దోచుకుని పారిపోతూ, బరువు తగ్గించుకోవడానికి ముందు తన తోటి దొంగను, తర్వాత డబ్బు పెట్టెను కిందికి తోసేశాడు. డబ్బు కూలీల మధ్య పడింది. అతను తమ కోసమే దోచాడనుకుని వాళ్లు జేన్‌కు విగ్రహం కట్టారు, పాట కట్టారు. విగ్రహం కూల్చమని మేజిస్ట్రేటు ఆజ్ఞ ఇస్తే కూలీలంతా తిరగబడ్డారు. వాడలో అంబేడ్కర్ విగ్రహం నిలబెట్టడానికి ఎన్ని కేసులు, ఎన్ని దెబ్బలు తినాల్సి వచ్చిందో తెలిసినవాళ్లు ఆ తిరుగుబాటును తేలిగ్గా అర్థం చేసుకుంటారు. చిక్కేమిటంటే, ఆ వెట్టివాళ్లకు వాళ్లలోంచి ఒక నాయకుణ్ని ఇవ్వడానికి రచయితలకు మనసు రాలేదు. వాళ్ల దేవుడు పొరపాటున డబ్బు జారవిడిచిన బయటి దొంగ. చివరికి అతని కోసం తూటాకు అడ్డుపడి ఒక కూలీ కుర్రాడు చచ్చిపోతాడు. ఎందుకు అడ్డుపడ్డాడో అర్థంకాక జేన్ తల పట్టుకుంటాడు. కథ అతని దిగులుతో ముగుస్తుంది తప్ప కూలీల రేపటితో కాదు.

ఈ రెండు భాగాల్లోనూ మనుషుల మెడ మీద ఉన్న కాలు అలయన్స్‌ది కాదు, స్థానికుడిది. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ లేవనెత్తింది సరిగ్గా ఈ విషయమే. గ్రామ స్వరాజ్యం గురించి కలలు కంటున్నవాళ్ల మొహం మీదే, ఊరంటే ఇరుకుతనం, అజ్ఞానం, మతతత్వం పేరుకున్న చోటు అన్నారు. దూరపు ప్రభుత్వం ఎప్పుడూ మంచిదని ఆయన నమ్మలేదు. ఊరి పెత్తనం ఇంటి గుమ్మం దాకా వస్తుందని, దానికి అడ్డుపడే చట్టం ఊరి బయటి నుంచే రావాలని ఆయనకు తెలుసు. 1947 నాటి ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’ పత్రంలో అంటరాని కులాలకు వేరే ఊళ్లు కట్టివ్వాలని, ఆ బాధ్యత ప్రభుత్వానిదేనని అడిగారు. కొత్త నేల మీద కొత్త ఊరు అన్న కల మనకూ ఉంది. కానీ ఆ కలలో చట్టం కూడా మనతో పాటు వస్తుంది. మాల్ రెనాల్డ్స్ కల చట్టానికి అందనంత దూరం పోవడం. ఈ రెండూ ఒకటి కావు.

సినిమాకు వచ్చేసరికి ఊరిపెద్ద, బురద మేజిస్ట్రేటు ఇద్దరూ మాయమైపోయారు. రెండు గంటల్లో అన్నీ చెప్పలేరు, నిజమే. సీరియల్ చూడనివాళ్లకు కూడా అర్థం కావాలి. అందుకని శత్రువును ఒక్కరికి కుదించారు. దాంతో కేంద్రం చెడ్డది, అంచు మంచిది అన్న లెక్క మిగిలింది. సీరియల్ చూడకుండా నేరుగా సినిమా చూసిన మన కుర్రాళ్లు ‘ప్రభుత్వం మీద తిరగబడ్డ కథ’ అని మెచ్చుకోవడం విన్నాం. తిరుగుబాటే, అందులో అనుమానం లేదు. అయితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని కూడా ‘మా ఊళ్లో పైవాళ్ల జోక్యం’ అనే పెద్దమనుషులు మన మధ్యే ఉన్నారు. వాళ్లకూ ఈ సినిమా నచ్చుతుంది.

మిరాండా

సినిమా కొత్తగా తెచ్చింది మాత్రం చిన్నది కాదు. రివర్ మెదడులో చిక్కుకున్న రహస్యం పేరు మిరాండా. అది పటాల నుంచి చెరిపేసిన గ్రహం. మాల్ బృందం అక్కడికి వెళ్లేసరికి వీధుల్లో, ఆఫీసుల్లో, ఇళ్లల్లో ఎక్కడివాళ్లు అక్కడే చచ్చిపడి ఉంటారు. గాయాలుండవు. జనంలో దూకుడు తగ్గించాలని అలయన్స్ అక్కడి గాలిలో ‘పాక్స్’ అనే మందు కలిపింది. మందు పనిచేసింది. మనుషులు కొట్లాడుకోవడం మానేశారు. తర్వాత పని చేయడం, మాట్లాడటం, తినడం కూడా మానేసి పడుకుని చనిపోయారు. మూడు కోట్ల మంది. వెయ్యికి ఒకరి మీద మాత్రం ఆ మందు తిరగబడి, వాళ్లు మనుషులను పీక్కుతినే ‘రీవర్లు’గా మారారు.

ఈ దృశ్యం దగ్గర మాకు గుర్తొచ్చింది ఖమ్మం. 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రాజెక్టు కింద ఆ జిల్లాలో దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకు సూదులు వేశారు. 10 నుంచి 14 ఏళ్లవాళ్లు. చాలామంది హాస్టళ్లలో ఉండే ఆదివాసీ, దళిత, పేద పిల్లలు. ఎందరి అంగీకార పత్రాల మీదనో తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో కేంద్రం ప్రాజెక్టును ఆపేసింది. ఆ కాలంలో జరిగిన పిల్లల మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. అంగీకారం తీసుకున్న తీరును మాత్రం 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. ఆ టీకా పనికిరానిదని మేం అనడం లేదు, మన పిల్లలకు అది అందాలి. అడగాల్సినవాళ్లను అడగలేదన్నదే మాట. మిరాండాలోనూ తప్పు అక్కడే మొదలైంది. ‘మీ మేలు కోసమే’ అన్నవాళ్లు అనుమతి ఎవరిని అడిగారు?

రీవర్ల విషయంలో సినిమా సీరియల్‌ను దాటింది. పాత వెస్టర్న్ సినిమాల్లో గుర్రాల మీద వచ్చి ఇళ్లు తగలబెట్టే ‘ఇండియన్ల’ స్థానం సీరియల్‌లో రీవర్లది. క్రూరులు, అంతే. సినిమా దానికి కారణం చూపించింది. అంచున తిరిగే రాక్షసులను తయారుచేసింది నడుమనున్న ప్రభుత్వమే. 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చి, పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసి, ఎరుకలవాళ్లను స్టూవర్టుపురం సెటిల్‌మెంట్‌లో హాజరు వేయించిన పాలన సంగతి మనకు తెలుసు. ఆ చట్టం 1952లో రద్దయినా ఆ ఊరి పేరు తెలుగు సినిమా దొంగల కథలకు ఇప్పటికీ పనికొస్తూనే ఉంది. ఒక తేడా మరవకూడదు. స్టూవర్టుపురం జనం మనుషులే, రాక్షసత్వమంతా ముద్రలోనే ఉంది. సినిమాలో రీవర్లు నిజంగానే రాక్షసులైపోయారు. వాళ్లతో ఎవరూ మాట్లాడరు, వాళ్ల పేర్లు ఎవరూ అడగరు. చేసినవాడు దొరికినా చేయబడినవాళ్లు తూటాలకే మిగిలారు.

మిరాండా నిజాన్ని అన్ని గ్రహాలకూ ప్రసారం చేయడం కోసం ఈ చిన్న బృందం ప్రాణాలొడ్డుతుంది. బుక్, వాష్ చనిపోతారు. ప్రసారం జరుగుతుంది. కానీ ప్రభుత్వం కూలదు. హంతకుడు తన పని ఆపేస్తాడు, అంతే. మేం మెచ్చుకునేది దీన్నే. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపి, శవాలను గోనెసంచుల్లో కట్టి కాలవలో వేశారన్నది దేశమంతటికీ తెలిసింది. ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి జీవిత ఖైదు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. నిజం బయటపడటానికీ న్యాయం జరగడానికీ మధ్య ఎంత దూరముందో తెలిసినవాళ్లకు, ఆ ముగింపులో ఆర్భాటం లేకపోవడం నచ్చుతుంది.

నటీనటుల ఎంపిక గురించి రెండు మాటలు. ఈ లోకంలో అందరూ కోపం వస్తే చైనీస్‌లో తిడతారు, బోర్డులు చైనీస్‌లో కూడా ఉంటాయి, చైనా సగం ప్రపంచాన్ని నిర్మించిందని చెబుతారు. నౌకలోని తొమ్మిది మందిలో చైనీస్ మనిషి ఒక్కరూ లేరు. ఇనారా చీరలాంటి దుస్తులు, ధూపదీపాలు చూస్తే మన వైపు నుంచీ కొంత తీసుకెళ్లారని తెలుస్తుంది. ఒళ్లమ్ముకోవడాన్ని గౌరవం, లైసెన్సు ఉన్న వృత్తిగా చూపిన ఆ ఊహ, జోగినీ ఆచారం ఎవరి ఆడపిల్లలను మింగిందో తెలిసిన మనకు గొంతు దిగదు. ఇక యుద్ధంలో ఓడిన పక్షాన మాల్ పక్కనే నల్లజాతి స్త్రీ జోయి ఉంది. జీనా టారెస్ ఆ పాత్రను గొప్పగా చేసింది. అయితే కాన్ఫెడరసీ నీడ ఉన్న సైన్యంలో ఆమెను నిలబెట్టాక, ఆమె ఎందుకు పోరాడిందన్న ప్రశ్న ఎవరూ అడగరు. తెల్ల కెప్టెన్‌ను ఆమె చివరిదాకా ‘సర్’ అనే పిలుస్తుంది. పేరు, హోదా లేని ప్రభుత్వ హంతకుడి పాత్ర మరో నల్లజాతి నటుడు చువెటెల్ ఎజియోఫోర్‌ది. తాను తయారుచేస్తున్న మంచి లోకంలో తనకు చోటుండదని అతనికి తెలుసు. సినిమాలో అందరికంటే ఆలోచనలో పడేసే పాత్ర అదే.

హాస్టల్లోనో సంఘం ఆఫీసులోనో నలుగురు కలిసి చూడదలిస్తే మా సూచన ఇది. ఫాక్స్ చూపిన వరస వదిలేయండి. చివర్లో వేసిన మొదటి భాగాన్ని ముందు చూడండి. తర్వాత ‘సేఫ్’, ‘జేన్‌స్టౌన్’. వీటికి మూడు గంటలు చాలు. సినిమాను మరుసటి రోజు వేయండి. మిరాండా దృశ్యం అయ్యాక ఆపి, ఆ ఉపగ్రహం మీద బురద కూలీలకు ఈ ప్రసారం చేరి ఉంటుందా, చేరితే మర్నాడు మేజిస్ట్రేటు దగ్గర వాళ్లు ఏం అడిగి ఉంటారు అని మాట్లాడుకోండి. సినిమా ఆ ఉపగ్రహానికి మళ్లీ వెళ్లదు.